గీత మొదలుకొని గృహప్రవేశం దాకా

గంజాం, బరంపురం యువత ఆర్కిటెక్ట్‌లు కావాలంటే ఏ పరీక్షలు రాయాలి, ఏం చదవాలి, పట్టా చేతికొచ్చాక ఇంకా ఏం నేర్చుకోవాలి?

ఆర్కిటెక్ట్ అనేది మన దేశంలో చట్టం కాపాడే పేరు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఒక రిజిస్టరు నడుపుతుంది. అందులో నమోదైనవాళ్లే తమను ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవచ్చు. ప్లస్ టూలో లెక్కలు, అభిరుచిని పరీక్షించే ప్రవేశ పరీక్ష, అయిదేళ్ల బి.ఆర్క్, ఆపైన నమోదు: ఆ రిజిస్టరుకు చేరే దారి ఇదీ. గంజాం జిల్లాలోని ఒడియా విద్యార్థికైనా, బరంపురంలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబంలోని విద్యార్థికైనా దారి ఒకటే.

ఈ దారిలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. కష్టమైన పరీక్ష అంతా చదువుకు ముందే ఉంటుంది. పట్టా చేతికొచ్చాక లైసెన్సు కోసం విడిగా పరీక్ష రాయనక్కర్లేదు. అమెరికా, బ్రిటన్‌లలో పద్ధతి వేరు. అక్కడ ఉద్యోగంలో అనుభవం చూపించి, పరీక్ష నెగ్గితేనే ఆ పేరు దక్కుతుంది. ఇక్కడ పని నేర్పే, నేర్చుకునే బాధ్యత కళాశాల మీద, శిక్షణ ఇచ్చే ఆఫీసు మీద, చివరికి ఆ యువకుడి మీద, ఆ యువతి మీద పడుతుంది. తుపానులు తగిలే గంజాం తీరంలో ఈ బాధ్యత చాలా పెద్దది.

చట్టం కాపాడేది పేరునే

1972 చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం నమోదు కానివారు ‘ఆర్కిటెక్ట్’ అన్న పేరును, హోదాను వాడకూడదు. తోటలు, బయళ్లు తీర్చిదిద్దే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌కు, ఓడలకు నమూనా ఇచ్చే నావల్ ఆర్కిటెక్ట్‌కు ఇందులో మినహాయింపు ఉంది. సెక్షన్ మీరితే తొలిసారి అయిదు వందల రూపాయల దాకా జరిమానా. మళ్లీ మీరితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ మొత్తాలు యాభై ఏళ్ల కిందటివి కనుక నేడు అవి ఎవరినీ భయపెట్టలేవు.

పేరు సరే, మరి పని? నమోదు కానివారు భవనాల నమూనాలు గీయవచ్చా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, ముకేశ్ గోయల్ కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 17న దీన్ని తేల్చింది. 37వ సెక్షన్ నిషేధించేది ఆ పేరు వాడకాన్నే తప్ప ఆ పని చేయడాన్ని కాదని తీర్పు చెప్పింది.

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ తీర్పులోని భావం స్పష్టంగా తెలియాలి. బరంపురం వీధిలో ప్లాను గీసిచ్చే మనిషి ఆర్కిటెక్ట్ కావచ్చు, సివిల్ ఇంజినీరు కావచ్చు, డ్రాఫ్ట్స్‌మన్ కావచ్చు. ముగ్గురి చదువులూ వేరు, ముగ్గురి బాధ్యతలూ వేరు. ఎవరి దగ్గరికి వెళ్తున్నామో అడిగి తెలుసుకోవడం యజమాని హక్కు. ఆర్కిటెక్ట్‌కు కౌన్సిల్ ఇచ్చిన నమోదు సంఖ్య ఉంటుంది. సీఏ అన్న అక్షరాలు, నమోదైన సంవత్సరం, వరుస సంఖ్య అందులో ఉంటాయి. డ్రాయింగు మీద సంతకం పక్కన ఆ సంఖ్య ఉందో లేదో చూస్తే చాలు.

చట్టానికి ముందు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సర్కారు కట్టడాలను మద్రాసు పబ్లిక్ వర్క్స్ ఇంజినీర్లు చూసుకునేవారు. ఇళ్లు, గుళ్లు, సత్రాలు మాత్రం తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, శిల్పుల చేతుల్లోనే లేచాయి. ఆ విద్య తండ్రి దగ్గర కొడుకు, గురువు దగ్గర శిష్యుడు పని చేస్తూ నేర్చుకున్నదే.

తరగతి గదిలో చెప్పే ఆర్కిటెక్చర్ చదువు మన దేశంలో బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో వేళ్లూనుకుంది. అక్కడి విద్యార్థులు 1917లో పెట్టుకున్న సంఘమే పెరిగి 1929లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ అయింది. ఒడిశాలో ఈ వృత్తికి పెద్ద మలుపు కొత్త రాజధాని. జర్మనీ నుంచి వచ్చి మైసూరు సంస్థానంలో పనిచేసిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ భువనేశ్వర్‌కు ప్రణాళిక ఇచ్చారు. 1948 ఏప్రిల్‌లో నెహ్రూ ఆ నగరానికి శంకుస్థాపన చేశారు. అక్కడి తొలి ప్రభుత్వ భవనాలలో చాలావాటికి ఆర్కిటెక్ట్ జూలియస్ వాజ్ రూపమిచ్చారు. ఆ తర్వాత పాతికేళ్లలోపే వృత్తికి చట్టం వచ్చింది.

తొలి గడప: ప్రవేశ పరీక్షలు

బి.ఆర్క్‌లో చేరాలంటే ప్లస్ టూలో, అంటే ఆంధ్ర వైపు ఇంటర్మీడియట్‌లో, గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరి. కౌన్సిల్ నిబంధనల ప్రకారం కనీసం 45 శాతం మార్కులు ఉండాలి. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా గణితంతో పూర్తిచేసినవారూ అర్హులే. బరంపురంలోని ఉమాచరణ్ పట్నాయక్ ఇంజినీరింగ్ స్కూలు వంటి పాలిటెక్నిక్‌లలో చదివినవారు ఈ వీలును మరచిపోకూడదు. ఇంజినీరింగే చదవాలన్న నియమం వారికేమీ లేదు.

ప్రవేశ పరీక్షలు ప్రధానంగా రెండు. మొదటిది నాటా, అంటే నేషనల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఇన్ ఆర్కిటెక్చర్. కౌన్సిల్ దీన్ని 2006 నుంచి నిర్వహిస్తోంది. ఇటీవలి పద్ధతిలో పరీక్ష మొత్తం 200 మార్కులకు, మూడు గంటల పాటు జరుగుతుంది. 80 మార్కులు చేత్తో చేసే పనికి: రంగులతో కూర్పు, నలుపు తెలుపు స్కెచ్, ఇచ్చిన సామగ్రితో చిన్న త్రిమితీయ నమూనా. మిగిలిన 120 మార్కులు కంప్యూటర్ మీద అడిగే ప్రశ్నలకు. దృశ్యాన్ని బట్టి తర్కించడం, సంఖ్యలు, పరిసరాల పట్ల గమనింపు, కట్టడాల గురించి సాధారణ జ్ఞానం ఇందులో పరీక్షిస్తారు.

రెండోది జేఈఈ మెయిన్‌లోని పేపర్ 2ఎ. గణితం, ఆప్టిట్యూడ్, డ్రాయింగ్ దీని మూడు భాగాలు. మొదటి రెండూ కంప్యూటర్ మీద, డ్రాయింగ్ మాత్రం కాగితం మీద. ఎన్.ఐ.టి.లు, స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి జాతీయ సంస్థలకు ఇదే దారి. జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం 2021 నుంచి తెలుగు, ఒడియాలతో సహా 13 భాషల్లో వస్తోంది. ఐఐటీ ఖరగ్‌పూర్, రూర్కీలలో బి.ఆర్క్ చదవాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ నెగ్గి, ఆపైన ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ కూడా రాయాలి.

చిన్న పట్టణాల పిల్లలు వెనకబడేది ఎక్కువగా డ్రాయింగ్‌లోనే. స్కూల్లో ఎనిమిదో తరగతి దాటాక బొమ్మల పీరియడ్ ఉండదు. లెక్కలకు ట్యూషన్లు వీధి వీధికీ దొరుకుతాయి, గీతకు దొరకవు. అయితే చూడటం నేర్చుకోవడానికి కోచింగ్ సెంటరే ఉండాలని లేదు. రోజుకు అరగంట చొప్పున ఏడాది పాటు ఎదుట కనిపించేదాన్ని గీసినవారి చేయి దానంతటదే తిరుగుతుంది. బరంపురం బజారులో దుకాణాల వరస, గోపాల్‌పూర్ తీరంలో నాటుపడవ, తారాతారిణి కొండ మెట్లు, వాకిట్లో మడతమంచం ఏదైనా పనికొస్తుంది. వస్తువుల కొలతలు ఒకదానితో ఒకటి పోలిస్తే ఎంత, నీడ ఎటు పడుతోంది, దూరం పోయేకొద్దీ గీతలు ఎక్కడ కలుస్తున్నాయి అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటూ గీయాలి. గంజాంలోనే ఖల్లికోట్‌లో చిత్రకళ, హస్తకళల ప్రభుత్వ కళాశాల ఉంది. అక్కడి చదువు పొందినవారి దగ్గర గీత దిద్దుకోగలిగితే మరీ మంచిది.

ఎక్కడ చదవాలి

బరంపురం చదువుల ఊరు. 1967లో వచ్చిన బరంపురం విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, ఐసర్, పర్లా మహారాజా ఇంజినీరింగ్ కళాశాల, పేరున్న ఐటీఐ ఇక్కడున్నాయి. బి.ఆర్క్ కోసం మాత్రం ఇక్కడి విద్యార్థులు సాధారణంగా ఊరు దాటుతారు. ఉత్తరానికి వెళ్తే భువనేశ్వర్‌లో ఒడిశా యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అండ్ రీసెర్చ్ ఉంది. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ సీఈటీ అనే అంటారు. కటక్‌లో పీలూ మోదీ కాలేజ్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఉంది. అమెరికాలోని బర్కిలీలో ఆర్కిటెక్చర్ చదివి, ఆచార్య ఎన్.జి. రంగా అధ్యక్షుడిగా ఉన్న స్వతంత్ర పార్టీ తొలినాళ్ల నాయకుల్లో ఒకరై, పార్లమెంటులో గొంతు వినిపించిన ఆర్కిటెక్ట్ పేరు ఆ కళాశాలది. రూర్కెలా ఎన్.ఐ.టి.లో బి.ఆర్క్ ఉంది. రాష్ట్ర కళాశాలల సీట్లను ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో కేటాయిస్తారు.

దక్షిణానికి వెళ్తే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగం, గీతం ఉన్నాయి. విజయవాడలో 2008లో స్థాపించిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కేంద్ర ప్రభుత్వానిది. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్ర కోటాలకు స్థానికత నిబంధనలు ఉంటాయి. అందువల్ల ఒడిశాలో చదివిన తెలుగు పిల్లలు దరఖాస్తుకు ముందే తమ అర్హత సరిచూసుకోవాలి. జాతీయ సంస్థలకు ఆ చిక్కు తక్కువ.

కళాశాలను ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ఏడాది ప్రవేశాలకు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఆమోదం ఉందా? ఆ ఆమోదం లేనిచోట అయిదేళ్లు చదివినా నమోదుకు అర్హత రాదు. ఆమోదిత సంస్థల జాబితాను కౌన్సిలే ప్రకటిస్తుంది.

అయిదేళ్లలో నేర్చుకునేది

బి.ఆర్క్ పది సెమిస్టర్ల చదువు. నిర్మాణ పద్ధతులు, స్ట్రక్చర్లు, వాతావరణం, చరిత్ర, నీరు, కరెంటు, అంచనాలు, చట్టాలు, వృత్తి నిర్వహణ విడివిడి సబ్జెక్టులు. వాటన్నిటినీ కలిపే చోటు డిజైన్ స్టూడియో. మొదటి ఏడాది ఒక చిన్న గదితో మొదలైన డిజైను క్రమంగా ఇల్లు, బడి, ఆస్పత్రి, చివరికి ఒక వాడ అంత పెద్దదవుతుంది. ప్రతి డిజైనునూ జ్యూరీ ముందు నిలబడి సమర్థించుకోవాలి. బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్‌లు తలుపు ఇక్కడెందుకు, మెట్లు అటెందుకు అని అడుగుతుంటే కారణం చెప్పగలగాలి. రేపు ఇంటి యజమానికీ, మునిసిపల్ అధికారికీ చెప్పాల్సింది ఇవే కారణాలు.

చదువులో ఒక సెమిస్టరు పూర్తిగా ఆఫీసు శిక్షణకు కేటాయిస్తారు. విద్యార్థి నమోదైన ఆర్కిటెక్ట్ దగ్గర చేరి డ్రాయింగులు గీస్తాడు, సైటుకు వెళ్తాడు. ఈ సెమిస్టరును మహానగరంలోని పెద్ద ఆఫీసులో గడపాలన్నది అందరి కోరిక. కానీ పెద్ద ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఒకే భవనానికి మరుగుదొడ్ల డ్రాయింగులు గీసిన వారికన్నా, చిన్న ఊళ్లో పునాది తవ్వకం నుంచి స్లాబు దాకా చూసిన వారికే పని ఎక్కువ వస్తుంది. గంజాం విద్యార్థి తిరిగి ఈ తీరానికే వచ్చి పనిచేయాలనుకుంటే శిక్షణ కూడా ఈ తీరంలోనే తీసుకోవడం మేలు.

పాత కట్టడాలను కొలిచి, గీసి, దాచడం చదువులో మరో భాగం. దీన్ని మెజర్డ్ డ్రాయింగ్ అంటారు. 1957 నుంచి నడుస్తున్న ఆర్కిటెక్చర్ విద్యార్థుల జాతీయ సంఘం, నాసా ఇండియా, ఇలాంటి పనికి లూయీ కాన్ పేరిట ఏటా ట్రోఫీ ఇస్తోంది. కొలవదగ్గ కట్టడాలకు గంజాంలో కొదవలేదు. గోడల మీద రామాయణ చిత్రాలున్న బుగుడ బిరంచినారాయణ ఆలయం, గంజాం పట్టణంలో కంపెనీ కాలపు పోతగడ కోట, చిలికా ఒడ్డున రంభలో కలెక్టర్ స్నాడ్‌గ్రాస్ కట్టించిన భవనం వీటిలో కొన్ని.

వీటితో సమానమైన పాఠం బరంపురం పాత వీధుల్లో ఉంది. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వీధి వైపు అరుగు, మధ్యలో వెలుతురుకు ఖాళీ చోటు, వెనక పెరడు. పట్టు నేసే దేరా కుటుంబాల వాడల్లో ఇల్లే పనిచోటు కూడా. మగ్గానికి వెలుతురు ఎటు నుంచి రావాలి, పడుగుకు ఎంత చోటు కావాలి, పైన పిల్లలు చదువుకుంటుంటే కింద మగ్గం చప్పుడు ఎలా తగ్గించాలి? ఇలాంటి ఇంటిని కొత్తగా డిజైన్ చేయడం ఏ కళాశాలలోనైనా చివరి ఏడాది థీసిస్‌కు సరిపోయే విషయం.

పట్టా తర్వాత: నమోదు

బి.ఆర్క్ పూర్తయ్యాక కౌన్సిల్‌కు పట్టా, మార్కుల పత్రాలు, రుసుముతో దరఖాస్తు చేస్తే నమోదు జరుగుతుంది. దాన్ని గడువు ప్రకారం పునరుద్ధరించుకుంటూ ఉండాలి. రుసుము కట్టకపోతే పేరు రిజిస్టరు నుంచి తొలగిపోవచ్చు. ఈ నమోదు దేశమంతటా చెల్లుతుంది.

బయటి దేశాల పద్ధతి చూస్తే తేడా తెలుస్తుంది. అమెరికాలో చదువు తర్వాత ఆఫీసులో ఆరు రకాల పనుల్లో మొత్తం 3,740 గంటల అనుభవం లెక్క చూపాలి. ఆపైన ఏఆర్ఈ అనే పరీక్షలో ఆరు విభాగాలు నెగ్గాలి. ఆఫీసు నిర్వహణ, ప్రాజెక్టు నిర్వహణ, అవసరాల విశ్లేషణ, ప్రణాళిక, డ్రాయింగులు, నిర్మాణ పర్యవేక్షణ ఆ విభాగాలు. లైసెన్సు ఇచ్చేది ఒక్కో రాష్ట్రం. బ్రిటన్‌లో దశాబ్దాలుగా నడిచిన పద్ధతి మూడు భాగాలది: డిగ్రీ, పై చదువు, రెండేళ్ల పని అనుభవంతో ముడిపడిన మూడో పరీక్ష. విదేశాలకు వెళ్లే తెలుగు యువత ఇక్కడి పట్టాతో నేరుగా అక్కడ ఆర్కిటెక్ట్ అని చెప్పుకోలేదు. పట్టాను అక్కడి ప్రమాణాలతో పోల్చి చూపించి, అనుభవం, పరీక్ష పూర్తిచేసుకోవాలి.

ఇక్కడ పరీక్ష లేకపోవడం వల్ల పేద పిల్లలకు మరో ఖర్చు, మరో అడ్డు తప్పింది. అది మంచిదే. కానీ అమెరికా లెక్కలోని ఆ ఆరు రకాల పనులు ఏ దేశపు ఆర్కిటెక్ట్‌కైనా రావాల్సినవే. పట్టా పొందిన తొలి రెండు మూడేళ్లు ఒక అనుభవజ్ఞుడి దగ్గర పనిచేస్తూ ఈ ఆరింటినీ తనంతట తాను పూర్తి చేసుకోవడం యువ ఆర్కిటెక్ట్ పెట్టుకోవాల్సిన నియమం. చట్టం అడగకపోయినా ఇల్లు అడుగుతుంది.

వృత్తి నడిచే తీరు

ఒక ఇంటి పని ఆర్కిటెక్ట్ చేతిలో వరసగా సాగుతుంది. ముందు స్థలం కొలతలు, ఎత్తుపల్లాలు, నేల గుణం, కాగితాల పరిశీలన. తర్వాత కుటుంబం అవసరాలు విని తొలి నమూనా. అది కుదిరాక అనుమతికి వేసే డ్రాయింగులు. ఆపైన మేస్త్రీ చేతికిచ్చే వర్కింగ్ డ్రాయింగులు, సామాను పరిమాణాల పట్టిక, కాంట్రాక్టరు ఎంపిక, సైటు పర్యవేక్షణ, చివర పూర్తి ధ్రువపత్రం. స్తంభాలు, దూలాల లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరుది. చిన్న పట్టణాల్లో అనుమతి ప్లానుతోనే ఆర్కిటెక్ట్ పని అయిపోయిందనుకునే అలవాటు బలంగా ఉంది. ఇంటికి నష్టం జరిగేది అక్కడే. కిటికీ పైన సన్‌షేడ్ ఎంత ముందుకు రావాలో, స్లాబు నీళ్లు ఎటు వాలాలో చెప్పేది అనుమతి ప్లాను కాదు, వర్కింగ్ డ్రాయింగు.

కౌన్సిల్ 1989లో వృత్తి నడవడి నిబంధనలు తెచ్చింది. కాంట్రాక్టరు నుంచీ, సామాను అమ్మేవాళ్ల నుంచీ కమీషన్ తీసుకోకూడదు. మరొకరి చేతిలోని పనిని లాక్కోకూడదు. కౌన్సిల్ సూచించిన ఒప్పంద షరతులను, రుసుము పద్ధతిని గౌరవించాలి. మీరితే విచారణ జరిపి రిజిస్టరు నుంచి పేరు తొలగించే అధికారం కౌన్సిల్‌కు ఉంది. పని మొదలు కాకముందే ఏయే సేవలు, ఏ దశలో ఎంత రుసుము అన్నది కాగితం మీద రాసుకోవడం ఇద్దరికీ మంచిది. బంధుత్వం ఉన్నచోట ఇది ఇంకా అవసరం.

అనుమతుల దగ్గర రాష్ట్రం మారితే నియమాలు మారతాయి. బరంపురంలో 2020 నాటి ఒడిశా డెవలప్‌మెంట్ అథారిటీల ప్లానింగ్, బిల్డింగ్ స్టాండర్డ్స్ నియమాలు వర్తిస్తాయి. పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురంలో ఆంధ్రప్రదేశ్ 2017 బిల్డింగ్ రూల్స్ వర్తిస్తాయి. ఒకే ఆర్కిటెక్ట్ రెండు ఊళ్లలోనూ పనిచేయవచ్చు. కానీ చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎత్తు, పార్కింగ్ లెక్కలు ఎక్కడివక్కడ చూసుకోవాలి. అపార్టుమెంట్ల విషయంలో 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఆర్కిటెక్ట్ మీద మరో భారం పెట్టింది. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంటుంది. పని ఎంతవరకు అయిందో ఆర్కిటెక్ట్, ఇంజినీరు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరిస్తేనే బిల్డరు అందులోంచి డబ్బు తీయగలడు. ఆ సంతకం మీద వందల కుటుంబాల పొదుపు ఆధారపడి ఉంటుంది.

ఈ తీరం నేర్పే పాఠాలు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఏడాది తిరిగి అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కుదిపింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరాన్ని తాకి శ్రీకాకుళంతో పాటు గంజాం, గజపతి జిల్లాలను దెబ్బతీసింది. రాష్ట్రాల హద్దు గాలికి తెలియదు. కాబట్టి ఇక్కడి ఆర్కిటెక్ట్ తొలుత చదవాల్సింది గాలి భారాన్ని చెప్పే ఐఎస్ 875 మూడో భాగం. ఈ తీరానికి అందులో ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2015లో సవరించినప్పుడు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపలి ప్రాంతానికి అదనపు గుణకం చేర్చారు. ఆస్పత్రులు, తుపాను ఆశ్రయాల వంటి వాటికి అది 1.30. అప్పుడు లెక్కలోకి తీసుకునే వేగం గంటకు 234 కిలోమీటర్లవుతుంది. బరంపురం పూర్తిగా ఈ 60 కిలోమీటర్ల లోపలే ఉంది.

గాలి లెక్కను ఇంజినీరు వేస్తాడు. గాలికి ఎదురు నిలిచే ఆకారాన్ని ఇవ్వాల్సింది ఆర్కిటెక్ట్. రేకుల పైకప్పు అంచు గోడ దాటి ఎంత బయటికి వస్తే గాలి దాన్ని అంత తేలిగ్గా పైకి లేపుతుంది. నాలుగు వైపులా వాలున్న కప్పు రెండు వాలుల కప్పు కన్నా బాగా నిలుస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లోని చుట్టిల్లు గుండ్రటి గోడలతో, కిందికి దిగిన శంఖాకారపు తాటాకు కప్పుతో గాలిని పక్కలకు మళ్లించేది ఈ సూత్రంతోనే. పుస్తకం చదవని మేస్త్రీలు తుపానుల నుంచి నేర్చుకున్న ఈ విద్యను నేటి విద్యార్థి కొలిచి, లెక్క వేసి, కొత్త సామగ్రిలోకి తేవాలి.

రెండో పాఠం ఉప్పు. సముద్రపు ఉప్పుగాలి కాంక్రీటులోకి చొరబడి లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. కొన్నేళ్లకే స్లాబు కింద పెచ్చులూడటం తీరంలో తరచూ కనిపించేది ఇందువల్లే. ఐఎస్ 456 ప్రమాణం సాధారణ పరిస్థితిలో ఎం20 కాంక్రీటు, కడ్డీల మీద 20 మిల్లీమీటర్ల కవరు చాలంటుంది. తీరపు గాలికి నేరుగా గురయ్యే చోట ఎం30, 45 మిల్లీమీటర్లు. కెరటాల తుంపర పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు ఉండాలంటుంది. కవరు బ్లాకులు సరిగ్గా పెట్టించడం, ఉప్పునీళ్లు కలపనివ్వకపోవడం, తగినన్ని రోజులు క్యూరింగు చేయించడం సైటులో నిలబడి చూసుకోవాల్సిన పనులు.

మూడోది ఉక్క. జాతీయ భవన నియమావళి దేశాన్ని అయిదు వాతావరణ మండలాలుగా విభజించింది. గంజాం తీరం వెచ్చని తేమ మండలంలోకి వస్తుంది. ఇక్కడ మందపాటి గోడకన్నా ఎదురెదురు కిటికీలు, లోతైన అరుగు, కప్పు మీద పడే ఎండను ఆపడం ఎక్కువ మేలు చేస్తాయి. నాలుగు పక్కలా అద్దాలు బిగించిన ఎలివేషన్ ఈ ఊరికి నప్పదని యజమానికి ఓపికగా చెప్పగలగాలి.

నాలుగోది తీరపు చట్టం. 1991 నుంచి అమల్లో ఉండి 2011లో, 2019లో మారిన కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నిబంధనలు ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి ఎంత దూరంలో ఏం కట్టవచ్చో చెబుతాయి. ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షలుగా గుడ్లు పెడతాయి. తాబేలు పిల్లలు సముద్రపు వెలుతురును నమ్ముకుని నీళ్లవైపు నడుస్తాయి. ఒడ్డున భవనాల దీపాలు వాటిని దారి తప్పిస్తాయి. అందుకే ఇక్కడ బయటి దీపం ఎటు తిరిగి ఉండాలన్నది కూడా డిజైనులో భాగమే.

మేస్త్రీ పక్కన, మత్స్యకారుడి వాకిట్లో

గంజాం తీరంలోని మత్స్యకారుల్లో చాలామంది మాతృభాష తెలుగు. ఫైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన ఒడిశా విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో ఈ జిల్లాలో గట్టి ఇళ్లు కట్టారు. కుటుంబం తన ఇంటిని తానే కట్టించుకుంటుంటే దశలవారీగా డబ్బు విడుదల చేసే పద్ధతి అందులో అనుసరించారు. ఇలాంటి పనిలో ఆర్కిటెక్ట్‌కు భాష పనిముట్టు. వలలు ఆరబెట్టే చోటు, చేపలు ఎండబెట్టే చోటు, వలల తాళ్లు దాచే చోటు గురించి ఆ ఇంటి ఆడవాళ్లతో వాళ్ల తెలుగులోనే మాట్లాడగలిగినవాళ్లు గీసిన ఇల్లు వాళ్లకు పనికొస్తుంది.

బరంపురం దగ్గర మొహుదాలో 1979 నుంచి పనిచేస్తున్న గ్రామ్ వికాస్ సంస్థ పల్లెల్లో ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాల గది, కుళాయి నీరు అన్న లక్ష్యంతో వాటిని కట్టించింది. దానికోసం పల్లె యువతకు తాపీ పని నేర్పింది. ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఇది దగ్గరలోనే ఉన్న పెద్ద బడి. మేస్త్రీ చేతిలో తాపీ ఎలా కదులుతుందో తెలియనివారు గీసిన డ్రాయింగు సైటులో నిలవదు. ఐటీఐలలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ కోర్సు చదివినవారు, డిప్లొమా ఇంజినీర్లు, తాపీ మేస్త్రీలు ఈ వృత్తిలో తోటి పనివాళ్లు. వాళ్ల అనుభవాన్ని గౌరవించి నేర్చుకున్న ఆర్కిటెక్ట్ త్వరగా ఎదుగుతాడు.

ముందున్న దారులు

నమోదైన ఆర్కిటెక్ట్‌కు సొంత ఆఫీసు ఒక్కటే దారి కాదు. గేట్ పరీక్షలో ఆర్కిటెక్చర్, ప్లానింగ్ పేపరు రాసి ఎం.ఆర్క్‌లో, పట్టణ ప్రణాళికలో, పాత కట్టడాల సంరక్షణలో పై చదువులకు వెళ్లవచ్చు. కేంద్ర ప్రజాపనుల విభాగం, రాష్ట్ర శాఖలు, అభివృద్ధి సంస్థలు ఆర్కిటెక్ట్‌లను నియమిస్తాయి. కళాశాలల్లో బోధించవచ్చు. 2008లో నగరపాలక సంస్థగా మారిన బరంపురం పెరుగుతున్న కొద్దీ పాత వీధుల్లో ఇళ్లను బాగుచేయడం, డాబాల మీద అంతస్తులు వేయడం, బడులు, దవాఖానాలు, మార్కెట్లు కట్టడం వంటి పని పెరుగుతూనే ఉంటుంది.

ఈ పనికి ఈ ఊరి పిల్లలే సరైనవాళ్లు. లెక్కల్లో బలంగా ఉండి, చూసినదాన్ని గీయాలన్న కోరిక ఉన్న ప్లస్ టూ విద్యార్థి ఇవాళే నాటా సిలబస్ తెరవాలి. చదువు మధ్యలో ఉన్నవారు ఆఫీసు శిక్షణకు తీరప్రాంతపు సైటును కోరుకోవాలి. పట్టా పొందినవారు నమోదుతో పాటు రెండు మూడేళ్ల పని నేర్చుకునే కాలాన్ని తమకు తామే విధించుకోవాలి. తల్లిదండ్రులు ఈ చదువును ఇంజినీరింగ్ సీటు రానివారి చదువుగా చూడటం మానాలి. పట్టా తర్వాత ఎవరూ పరీక్ష పెట్టని ఈ దేశంలో, తరచూ అక్టోబరులో గాలి వచ్చే ఈ తీరంలో, బాగా నేర్చుకున్న ఆర్కిటెక్ట్ ఒక ఊరికి ఎన్నో ఏళ్ల భద్రత.